కండక్టరు దిగిన చోటు

పోయిన వారం మనం సీట్లమ్మను బస్సులోనే వదిలేశాం. కిటికీ పక్క సీటు, కాళ్ళ దగ్గర కుక్క, పక్కన కూతురు. మనసులో మాత్రం ఇంటి దగ్గరే మూటగట్టి తెచ్చుకున్న "వద్దు" అనే మాట. దాన్ని కూతురికి చూపించలేదు. "బుధవారం వచ్చి ఆ అద్దె వాటా చూస్తాను. చూశాక కాదంటే మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అని ముందే మాట తీసుకుని బయల్దేరింది. సాయంత్రం ఐదింటికి ఆ వాటా ఇంటావిడ తాళాలు పట్టుకుని వస్తుంది. అవుననో కాదనో అప్పుడే చెప్పేయాలి. ఆ వాటా కోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు.

ఈ కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. సీట్లమ్మ అసలు పేరు డిపో జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ముప్పై ఏళ్ళు బస్సు సీట్లకు కవర్లు కుట్టింది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. భర్త అదే డిపోలో డ్రైవరు. ఆయన పోయి మూడేళ్ళయింది. కుక్క పేరు కండక్టరు. డ్రైవరును ఎప్పుడూ వదిలి ఉండదని డిపోవాళ్ళు పెట్టిన పేరు అది. దానికి ఆయన నేర్పిన విద్య ఒక్కటే. నడుస్తూ నడుస్తూ బస్ స్టాపు కనబడితే చాలు, ఆగి కూర్చుంటుంది. "రైట్" అంటే తప్ప లేవదు. నేర్పాడని కూడా అనలేం. స్టాపు కనబడితే ఆగకుండా పోవడం ఆయనకే చేతకాదు, కుక్కకు ఆయన నడకే అబ్బింది. "మీ ఆయన కాలు నడిచేటప్పుడు కూడా బ్రేకు మీదే ఉంటుంది" అని డిపోలో ఆమెను ఏడిపించేవారు.

వాళ్ళ ఇల్లు బస్సు చివరి స్టాపులో ఉంది. కట్టుకున్న రోజుల్లో అక్కడ బస్సు ఇంజను ఆపితే మళ్ళీ చిటికెడు చప్పుడు ఉండేది కాదు. తలుపు తీసి ఉంచి పడుకునేవాళ్ళు. ఆ తర్వాత రోడ్డు ఒకసారి వెడల్పయింది, ఇంకోసారి అయింది. మొదటిసారి గేటు పోయింది, రెండోసారి గేటు వెనక ఉన్న మల్లెపందిరి పోయింది. ఇప్పుడు గడప దాటితే లారీలే. పాలపాకెట్టు కావాలంటే యాభై రెండు మెట్ల ఇనుప వంతెన ఎక్కి దిగాలి. మెట్లకు జల్లెడలాగా కన్నాలు. కింద లారీలు కదులుతుంటే ఆ కన్నాల్లోంచి కనబడతాయని కుక్క దాని మీద కాలు పెట్టదు. పోయిన నెల ఒక వ్యాను దాని తోకను రాసుకుంటూ పోయింది. కూతురు అప్పుడే పట్టుపట్టింది, ఇక అక్కడ ఉండొద్దని.

కూతురు ఒక పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ఊరి మధ్యలో, కార్లు పెద్దగా తిరగని ఒక పాత పేటలో పని. ఉండేది హాస్టల్లో. తల్లి సరేనంటే ఆ పేటలోనే ముగ్గురూ కలిసి ఉండొచ్చని ఆశ. ముగ్గురూ అంటే కుక్కతో కలిపి.

సీట్లమ్మ దగ్గర దానికి ఎదురులేని జవాబు ఒకటి ఉంది. కుక్క రోజూ పొద్దున పదింటికి చివరి స్టాపుకు వెళ్తుంది. వచ్చిన బస్సు మెట్టు మీద ముందు కాళ్ళు పెట్టి లోపలికి తొంగి చూస్తుంది. కొత్త డ్రైవర్లు తల నిమిరి, "మీ డ్రైవరు రాడురా, దిగు" అని దించేస్తారు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని వచ్చేస్తుంది. మూడేళ్ళలో ఒక్క రోజు మానలేదు. డిపోలో ఆ సంగతి చెప్పుకుని కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. "ఆయన కోసం కాచుకుని ఉన్నదాన్ని ఏ నోటితో అక్కడినుంచి రమ్మంటావే" అని తల్లి అడిగితే, కూతురు ప్రతిసారీ తల దించుకునేది.

బస్సు దిగారు. స్టాపు స్తంభం దగ్గర కుక్క కూర్చుంది. సీట్లమ్మ "రైట్" అంది. లేచింది. ముగ్గురూ నడక మొదలుపెట్టారు.

నాలుగు అడుగులు వేశాక గానీ ఆమెకు తెలియలేదు, తను గోడకు ఆనుకుని నడుస్తోందని. ఇంటి దగ్గర లారీ గాలి కొంగును లాగేస్తుంది, ఒక చేత్తో కొంగూ ఇంకో చేత్తో కుక్క తాడూ పట్టుకుని పక్కకు ఒదిగి నడవడం అలవాటైపోయింది. ఇక్కడ కొంగు దాని మానాన అది వేలాడుతోంది. నెమ్మదిగా బాట మధ్యలోకి జరిగింది. ఎవరూ హారను కొట్టలేదు.

రొట్టెల దుకాణం, మందుల దుకాణం, కూరగాయలు, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు. అన్నీ పక్కపక్కనే. ఆమెకు దూరం తెలిసేది బస్సు టికెట్టు స్టేజీల లెక్కలోనే. ఒక్క స్టేజీ లోపల ఇంటికి కావలసినవన్నీ ఉన్నాయి. ప్రతి గుమ్మం పక్కనా ఒక గిన్నెలో నీళ్ళు, గోడకు తాడు తగిలించుకోవడానికి ఒక ఇనుప రింగు. దర్జీ కొట్టు అద్దం వెనక బట్టల తానుల మీద ఒక ముసలి కుక్క కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.

"మనుషులకు నీళ్ళెక్కడ పెట్టారో మరి" అంది సీట్లమ్మ.

"నువ్వు ఇక్కడికొచ్చి ఒక కుండ పెట్టు" అంది కూతురు.

"వచ్చినప్పటి మాట."

కూతురు నవ్వుతూ ముందు నడుస్తోంది. ఆ చెప్పులు చూసి తల్లికీ నవ్వొచ్చింది. చిన్నప్పటినుంచీ అంతే. ఎంత గట్టి చెప్పులు కొన్నా బయటి అంచు అరగదీసేస్తుంది. తండ్రి నడక. సీట్లమ్మవి లోపలి వైపు అరుగుతాయి. గుమ్మంలో చెప్పుల వరుస చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పేయొచ్చని ఆయన అనేవాడు.

చిన్న గడ్డి మైదానం వచ్చింది. చుట్టూ బెంచీలు. తాళ్ళు విప్పేసిన కుక్కలు నాలుగైదు పరుగులు తీస్తుంటే పెద్దవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకావిడ పక్కకు జరిగి చోటిచ్చి, మీ కుక్క వయసెంత, మోకాళ్ళు నొప్పా అని అడిగింది. పన్నెండేళ్ళని, నొప్పి తనకే గానీ దానికి కాదని సీట్లమ్మ చెప్పింది. ఇంటి దగ్గర ఇలా పక్కన కూర్చుని ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందా అని ఆలోచించింది. రోడ్డు అవతలి పడమటింటావిడ బతికే ఉందని వంతెన మీద ఎదురుపడితే తప్ప తెలియదు. నచ్చింది. నచ్చడం వేరు, రావడం వేరు అని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

ఎందుకంటే కుక్క ఒక్కటే కారణం కాదు. పదకొండేళ్ళ కిందట ఇదే మాట ఆయన అడిగాడు. గేటు పోయిన ఏడాది. డాక్టరు రోజూ నడవమన్నాడు, నడవడానికి ఇక్కడ చోటు లేదు, ఊళ్ళో ఏదైనా పాత పేటకు పోదాం అన్నాడు. అప్పుడు ఆమెకు కోపం కట్టలు తెంచుకుంది. ఈ ఇంటి ప్రతి ఇటుకా తను మోసింది. కడుపుతో ఉండి కూడా మోసింది. "ఇల్లు వదిలితే నన్నూ వదిలినట్టే. ఇంకోసారి ఈ ఊసెత్తితే నా మీద ఒట్టే" అనేసింది. ఆయన ఒక్క నిమిషం గోడ వైపు చూశాడు. "సరేలే" అన్నాడు. ఎనిమిదేళ్ళు బతికాడు ఆ తర్వాత. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయనకు ఇవ్వనిది ఇప్పుడు తను ఎలా తీసుకుంటుంది? అది కూతురికి చెప్పుకునే మాట కాదు.

మైదానం దాటాక కూతురు కుడివైపు తిరిగింది. కుక్క ఎడమవైపు లాగింది.

"అటు ఏం లేదమ్మా, ఇటు రా" అంది కూతురు. గొంతులో ఏదో తొందర. తల్లి తాడు గుంజింది. కుక్క వినలేదు. పన్నెండేళ్ళ కుక్క, ఎప్పుడూ తాపీగా నడిచే కుక్క, పిల్ల రోజుల్లోలాగా మెడ ముందుకు చాచి ఒక సన్నటి సందులోకి లాక్కుపోయింది. బస్సు పట్టే సందు కాదు. స్టాపు లేదు, స్తంభం లేదు. సగం దూరం పోయి, చెప్పులు కుట్టే ఒక చిన్న దుకాణం ముందు ఆగి, చక్కగా కూర్చుంది.

"రైట్" అంది సీట్లమ్మ.

కదల్లేదు.

"రైట్ రైట్. అరే, నీకే చెప్పేది."

చెవి కూడా ఆడించలేదు. దుకాణంలో ముసలాయన ఒకడు ఒళ్ళో బూటు పెట్టుకుని, ఆరెతో తోలుకు కన్నం పొడుస్తున్నాడు. తల ఎత్తి కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆరె కింద పెట్టాడు.

"ఏం కండక్టరూ, ఇన్నాళ్ళకు డ్యూటీ గుర్తొచ్చిందా" అన్నాడు.

సీట్లమ్మ చేతిలో తాడు జారింది. కుక్క లోపలికి వెళ్ళి, గోడవారగా ఉన్న బెంచీ కింద, తన కోసమే ఖాళీగా ఉంచినట్టున్న చోట ముడుచుకుని పడుకుంది.

దాని పేరు ఈయనకు ఎలా తెలుసని అడగబోయి ఆగిపోయింది. ఆమె కళ్ళు బెంచీ మీదికి పోయాయి. దాని మీద ఒక దిండు. ముదురాకుపచ్చ రెగ్జిన్. ఆ రంగు డిపోకు ఒక్క ఏడాదే వచ్చింది, బాగాలేదని తర్వాత ఆపేశారు. ఒంగి మూల తిప్పి చూసింది. మిగతావాళ్ళు మూల కత్తిరించి కుట్టేసేవాళ్ళు. ఆమె ఒక్కతే రెండు మడతలు వేసి, వంకర సూదితో లోపలికి తీసి, ముడి స్పాంజిలో దాచేది. డ్రైవరుకు ముడి గుచ్చుకోకూడదని. ఇక్కడ ముడి పైకి లేదు.

ఆయన ఒకసారి, సీటులో వేసుకున్న దిండు చిరిగిపోయింది, ఇంకోటి కుట్టిపెట్టు అని అడిగాడు. నెల కూడా కాలేదు, నువ్వు కూర్చుంటున్నావా దున్నుతున్నావా అని తిట్టి మరీ కుట్టింది.

"ఈ దిండు నేను కుట్టింది" అంది.

ముసలాయన లేచి నిలబడ్డాడు. చేతులు తుడుచుకున్నాడు. "అయితే మీరు డ్రైవరుగారి ఇంటావిడ" అన్నాడు. "కూర్చోండమ్మా. మీ దిండే కదా."

అప్పుడు ముసలాయన చెప్పినదంతా ఆమె దిండు మీద కూర్చుని విన్నది. డ్రైవరుగారు ప్రతి బుధవారం, సెలవు రోజున, పదింటి బస్సులో కుక్కను తీసుకుని ఇక్కడికి వచ్చేవాడట. మైదానం చుట్టూ నడిచేవాడు, రొట్టెల దుకాణం దాకా వెళ్ళేవాడు, వచ్చి ఈ బెంచీ మీద కూర్చునేవాడు. ఎనిమిదేళ్ళు. మంచి పేట, మీరూ ఇటు వచ్చేయొచ్చు కదా అని ఈయన చాలాసార్లు అన్నాడట. మా ఇంటావిడకు మాటిచ్చాను, ఆ ఊసెత్తను అనేవాడట ఆయన. అడగనని మాటిచ్చాను గానీ, నడవనని ఇవ్వలేదు కదా అని నవ్వేవాడట.

ఆమెకు ప్రతి బుధవారం ఏం చెప్పి వెళ్ళేవాడో గుర్తుంది. డిపోలో పేకాట. కుక్కకు కూడా కాలక్షేపం. ఇంటి పనికి అడ్డం తప్పుతారని తనే తొందరగా పంపేసేది.

పదింటి బస్సు. ఆ మాట ఆమె చెవిలో ఆగిపోయింది.

ఆయన డ్యూటీ దిగి వచ్చేది సాయంత్రం ఆరింటికి. ఎవరైనా ఆయన కోసం కాచుకుంటే సాయంత్రం కాచుకోవాలి. ముప్పై ఏళ్ళు డిపోలో పనిచేసి, ఏ బస్సు ఎప్పుడు వస్తుందో ఏది ఎప్పుడు పోతుందో నిద్రలో అడిగినా చెప్పే మనిషి, ఈ చిన్న లెక్క ఎలా తప్పింది? కుక్క వచ్చే బస్సు కోసం కూర్చోలేదు. పోయే బస్సు ఎక్కుదామని చూసింది. మెట్టు మీద కాళ్ళు పెట్టింది ఆయన్ను వెతకడానికి కాదు. మూడేళ్ళు రోజూ బస్సు ఎక్కబోతుంటే, డిపో అంతా కలిసి జాలిపడి, తల నిమిరి, దించేశారు.

బెంచీ కిందికి చెయ్యి పెట్టింది. కుక్క ఆ చెయ్యి నాకి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"మీ సామాను ఒకటి నా దగ్గరే ఉండిపోయిందమ్మా" అంటూ ముసలాయన పై అరలోంచి ఒక గుడ్డసంచి దించాడు. అందులో ముందుగా బయటికి వచ్చింది ఒక పాత చెప్పు. ఎడమకాలిది. లోపలి అంచు అరిగినది.

ఆ చెప్పు మీద పెద్ద గొడవే జరిగింది. ఆయన పోవడానికి ఆరు నెలల ముందు అది మాయమైంది. కుక్కే నమిలి ఎక్కడో పారేసిందని సీట్లమ్మ తీర్పు చెప్పింది. మంచం పక్కన పడుకునే కుక్కను ఆ రోజే వరండాలోకి తోలింది. ఇప్పటికీ అక్కడే. అప్పుడు ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. దొంగ.

"కొలతకు తెచ్చాడమ్మా. మీ బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చిందట కదా, కొన్న చెప్పులు పట్టవని. చెప్పు తొడిగి కుట్టే కొయ్య పాదానికి అక్కడ ఉబ్బుగా మైనం అంటించి కుట్టాను" అని, సంచిలోంచి ఒక జత తోలు చెప్పులు తీసి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. గోధుమరంగు. మడమ వెనక పట్టీ. ఆమె కాలు పెట్టింది. మూడేళ్ళుగా ఎవరో ఖాళీ పట్టి ఉంచినట్టు ఎముక దాని చోటులోకి వెళ్ళి కూర్చుంది. కొత్త తోలు బిగువు ఎక్కడా లేదు. మెత్తగా, వెన్నలా ఉంది.

మెత్తగా ఎందుకుంది?

చెప్పు విప్పి బోర్లించింది. అడుగు అరిగి ఉంది. ఎవరో చాలా దూరం నడిచిన అడుగు. ఏ ఆడమనిషి వేసుకుని తిరిగింది? ఈ వయసులో, ఆయన పోయిన మూడేళ్ళకు, ఇలాంటి అనుమానం తనకు రావడమేమిటని సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చెప్పును వెలుతురుకు తిప్పింది.

బయటి అంచు అరిగింది.

సీట్లమ్మ తల ఎత్తకుండానే పిలిచింది. "ఎంతసేపు బయట నిలబడతావు? లోపలికి రా."

ఇంటావిడతో ఫోనులో మాట్లాడుతున్నానని సందు మొదట్లోనే ఆగిపోయిన కూతురు, ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది. లోపలికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు అంతా తెలుసు."

"నా మధ్యాహ్నం భోజనం నాన్నతోనే అమ్మా, ప్రతి బుధవారం."

"మరి ఇది?" చెప్పు చూపించింది.

"కొత్త చెప్పు నీ కాలు కరుస్తుందని. నీదీ నాదీ ఒకే సైజు కదా. ముందు నువ్వు వేసుకుని నడువు, దీని బిగువు పోయాక మీ అమ్మకు ఇస్తాను అన్నాడు." కూతురు ఆ అరిగిన అంచును నిమిరింది. "నన్ను మైదానం చుట్టూ తిప్పేవాడు. ప్రతి రౌండుకూ ఒంగి వేలితో నొక్కి చూసేవాడు, మెత్తబడిందా అని. ఆ నాలుగు నెలలూ నా మడమలు పొక్కులే."

సీట్లమ్మకు నవ్వొచ్చింది. ఏడుపు దాని వెనకే వచ్చింది. ఆ రెండూ కొంగులో ఒత్తుకుంది. అడగనని మాటిచ్చిన మనిషి నోరు కట్టుకుని, ఆమె కాళ్ళకు కావలసినదంతా సిద్ధం చేసుకుంటూ వచ్చాడు. ఆయనకు ఇవ్వనిదేదో తను తీసుకోవడం కాదిది. ఆయన ఇస్తూ ఇస్తూ మధ్యలో వదిలేసి వెళ్ళినది.

"చివరి రోజు కూడా సంచి తీసుకెళ్ళమన్నాను. ఇప్పుడు కాదు, ముందు ఒక మాట చెప్పి వస్తాను, తర్వాత అని సందు చివరికి..." అంటున్న ముసలాయన, కూతురి ముఖం చూసి ఠక్కున ఆపేశాడు. ఆరె అందుకుని బూటు మీదికి ఒంగాడు.

సీట్లమ్మ ఆ మాట పట్టించుకోలేదు. రెండు చెప్పులూ వేసుకుని పట్టీలు బిగించుకుంది. పాత చెప్పులు సంచిలో వేసింది. ఇంటి దగ్గర కట్టి తెచ్చిన "వద్దు" కోసం మనసులో వెతికితే ఎక్కడా దొరకలేదు.

ఐదు కావస్తోంది. సందు అవతలి కొస నుంచి ఎవరో చప్పట్లు కొట్టి పిలిచారు. నీలం తలుపు ఇంటి ముందు ఒకావిడ తాళాలగుత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"అదేనా ఇల్లు? అయితే మైదానం దగ్గర నన్ను అటు చుట్టూ ఎందుకు తిప్పబోయావే? ఇటునుంచి వస్తే నాలుగు అడుగులే కదా" అంది తల్లి. కుక్క బెంచీ కిందినుంచి లేచి, ఒళ్ళు విదిలించుకుని, ఎవరూ తాడు పట్టకుండానే ఆ ఇంటి వైపు బయల్దేరింది. సీట్లమ్మ దాని వెనక నడిచింది. చెప్పులు చప్పుడు చేయలేదు.

"ఏమంటారమ్మా, నచ్చిందా పేట?" అని ఇంటావిడ ఎదురొచ్చింది.

సీట్లమ్మ నోరు తెరిచింది. అవునని చెప్పడానికే తెరిచింది. వెనకనుంచి కూతురు ఆమె మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, ఆగు. నెల రోజులుగా నిన్ను బతిమాలింది నేనే. కానీ ఇది వినకుండా అవుననొద్దు. ఆ రోజు నాన్న డిపోలో పడిపోలేదు."

సీట్లమ్మ కూతురి వైపు చూసింది. పేకాట మధ్యలో అలా పక్కకు ఒరిగిపోయాడని డిపోవాళ్ళు చెప్పారు. ఈ పిల్లే ఏడుస్తూ అవునంది.

"మరి ఎక్కడ?"

ఇంటావిడ చేతిలో తాళాలు గలగలమనడం ఆగిపోయింది. ఆవిడ చూస్తున్నది సీట్లమ్మను కాదు, తన ఇంటి మెట్లను. కుక్క మొదటి మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో మెట్టు మీద ఆగి, వాసన చూసి, సందు వైపు తిరిగి కూర్చుంది.

అక్కడ ఏ స్టాపూ లేదు.

"రైట్" అంది సీట్లమ్మ, గొంతు తనకే వినిపించనంత మెల్లగా.

అది కదల్లేదు.